ఇల్లు మారినప్పుడు పోయాయి

పోయిన ఫిబ్రవరిలో మేము సీతాఫల్‌మండి నుంచి బోడుప్పల్‌కి ఇల్లు మారాం. చిన్న సామానంతా కలిపి 34 అట్టపెట్టెలయింది. అందులో 15 పుస్తకాలవి. ఆ పదిహేనులో పద్నాలుగున్నర నావి. మిగిలిన సగంలో మా ఆయన ఇంజనీరింగ్ పుస్తకాలు నాలుగు, ఎప్పుడో కొన్న చదరంగం పుస్తకం ఒకటి. కొత్తింట్లో పెట్టెలు దించాక చూస్తే ఆ పదిహేనింటి మీదా నల్ల మార్కర్‌తో ఒకటే మాట రాసుంది, 'సార్ బుక్స్' అని. నా పేర ఉన్నవి నాలుగు. 'మేడం కిచెన్ 1' నుంచి 'మేడం కిచెన్ 4' దాకా. ఇంకో పెట్టె మీద 'వేస్ట్' అని ఉంది. విప్పి చూస్తే నా పిహెచ్‌డి కోసం ఆరేళ్ళు ఊళ్ళు తిరిగి రాసుకున్న నోటుపుస్తకాలు, జిరాక్సులు, మనుషులు చెబుతుంటే గబగబా గీకిన కాగితాలు.

రాసిన కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ రోజుకో ఇల్లు సర్దుతున్నాడు. అతన్ని తప్పుపట్టను. ఎన్నో ఇళ్ళు చూసి నేర్చుకున్న సూత్రం ప్రకారం రాశాడు. పుస్తకాలంటే సారువి, గిన్నెలంటే మేడంవి, అట్ట లేకుండా చెదిరి ఉన్న చేతిరాత కాగితాలంటే పారేసేవి. విచిత్రమేమిటంటే, ఈ సూత్రం మన సాహిత్య చరిత్రలు రాసిన పండితుల సూత్రానికి చాలా దగ్గరగా ఉంది.

'మా ఆయన' అని రాశానని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. మన పత్రికల్లో 'సహచరుడు' అనడం అలవాటు. నేనూ థీసిస్ మొదటి పేజీలో అలాగే రాశాను. ఇల్లు సర్దిన పదిహేను రోజులూ మాత్రం నోటికి పాత మాటే వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. ప్యాకర్లకి ఫోన్ చేసింది ఆయనే, బేరమాడింది ఆయనే, ఆ రోజు సెలవు కూడా పెట్టాడు. కానీ రాత్రి తొమ్మిదింటికి మిక్సీ జారు మూత ఎక్కడుందో నన్నే అడిగాడు. మూతలు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ఇంటికి ఒక్కరే ఉంటారని మన మగవాళ్ళందరికీ ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మా డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన, "ఇప్పుడేముందమ్మా, ప్యాకర్స్ అండ్ మూవర్స్ వచ్చాక ఇల్లు మారడమంటే తాళంచెవి మార్చుకోవడమే" అన్నారు. ఆయన ఏడిళ్ళు మారారట. ఆయన భార్యని అడిగితే ఏం చెబుతారో వినాలని ఉంది. మోత పని ప్యాకర్లు తీసుకున్న మాట నిజమే. మరి మిగిలింది? ఊరగాయ జాడీలు లారీలో కుదిపితే నూనె కారుతుందని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళడం. ఫ్రిజ్ ముందురోజే ఆపి, ఐసు కరిగించి, తుడిచి, దించగానే స్విచ్ వేయొద్దని నలుగురికీ నాలుగుసార్లు చెప్పడం. పాలవాడి లెక్క తీర్చడం, గ్యాస్ కనెక్షన్ కొత్త ఏజెన్సీకి మార్పించడం, పాప స్కూలు వ్యాను మాట్లాడడం, ఆధార్‌లో అడ్రసు మార్పించడం. మొదటి రాత్రికి కావలసినవి ఒక సంచిలో విడిగా పెట్టుకోవడం: దుప్పట్లు, పాప జ్వరం మందు, టీ గిన్నె, చక్కెర, కొవ్వొత్తి, కత్తెర. ఆ కత్తెరని పెట్టెలో పడేసి టేపు అతికించేశారా, కొత్తింట్లో ఒక్క పెట్టె కూడా తెరుచుకోదు. (నేను అతికించేశాను. టేపుని పళ్ళతో కొరికాం.)

ఆ తర్వాత మూడు నెలలు 'సర్దుకోవడం'. ఈ మాటకి తెలుగులో రెండు అర్థాలున్నాయి. సామాను సర్దడం ఒకటి, మనం సర్దుకుపోవడం ఇంకొకటి. రెండూ మనమే చేస్తాం. నీళ్ళు ఏ రోజు ఏ వేళకి వస్తాయి, ఏ కిటికీ తీస్తే దోమలొస్తాయి, పెరుగు ఎవరి దగ్గర బాగుంటుంది, ఎండ ఎటు తిరిగితే పప్పులు ఎటు ఆరబెట్టాలి, ఇవన్నీ ఒక మనిషి బుర్రలోకి ఎక్కేదాకా అది ఇల్లు కాదు, గోడలే. 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే లెక్కలో ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. నిమిషాలు చేతులకి లెక్క. ఇల్లంతా బుర్రలో మోసే దానికి ఏ గడియారం పెడతారు?

అసలు ఇల్లు వెతకడం దగ్గరే అంతా బయటపడుతుంది. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసింది నేను. మాట్లాడింది నేను. ఇంటాయన మొదటి ప్రశ్న "సార్ ఏం జాబమ్మా?" రెండో ప్రశ్న "మీరేమోళ్ళు?" చెప్పగానే "ఆదివారం మాట్లాడదాం" అన్నవాళ్ళు ఇద్దరు. నా ముస్లిం స్నేహితురాలికి ఆ ఆదివారం కూడా దక్కదు. పేరు చెప్పేసరికి ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. పెళ్ళి చేసుకోని నా సహాధ్యాయిని "ఇంటికి ఎవరెవరు వస్తుంటారు" అని అడిగారు, అదీ అద్దె చెప్పకముందే. దీనిమీద వేరే వ్యాసమే రాయాలి. ఇప్పుడు నా గొడవ ఆ 'వేస్ట్' పెట్టె.

ఇల్లు మారే రోజు ప్రతి కుటుంబమూ సామాన్లని మూడు వాటాలు వేస్తుంది. లారీలో వెళ్ళేవి, చేత్తో పట్టుకెళ్ళేవి, పారేసేవి. చేత్తో పట్టుకెళ్ళే సంచిలో ఏముంటాయో మనందరికీ తెలుసు. దేవుడి పటం, బంగారం, ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, ఎల్‌ఐసి బాండ్లు, ఇంటి మగవాళ్ళ ఉద్యోగం కాగితాలు. వాటికి 'ముఖ్యమైన కాగితాలు' అని పేరు. ఆ సంచి లారీ ఎక్కదు. ఎవరో ఒకరు గుండెకి హత్తుకుని బస్సులో కూర్చుంటారు. అదే ఇంట్లో ఇంకోరకం కాగితాలు కూడా ఉంటాయి. పద్దుల పుస్తకం వెనకపేజీల్లో రాసుకున్న పాట, అక్కకి రాసి పోస్టు చేయని ఉత్తరం, పత్రిక నుంచి తిరిగొచ్చిన కథ. ఇవి పాత పేపర్లతోపాటు గోనెసంచిలోకి పోతాయి. పాత పేపర్లవాడు తూకం వేసి డబ్బులిస్తాడు. ఆ డబ్బుతో ఆ రోజు అందరికీ టీ వస్తుంది.

2013 నుంచి 2019 దాకా నేను పనిచేసింది, స్త్రీల పత్రికల్లో కొన్నాళ్ళు రాసి తర్వాత కనిపించకుండా పోయిన రచయిత్రుల మీద. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో మద్రాసు నుంచి కేసరి గారు తెచ్చిన 'గృహలక్ష్మి', అలాంటివి. సంచికలు ఒకచోట కొన్ని, ఇంకోచోట కొన్ని చూడాల్సి వచ్చేది. పేజీ చివర ఒక పేరు, ఒక ఊరు ఉంటాయి. ఆ పేరు పట్టుకుని ఏలూరు, బందరు, రాజమండ్రి, హనుమకొండ తిరిగాను. మనవలు, ముని మనవరాళ్ళు దొరికినచోట ఎంతో ఆదరించారు. కాఫీ ఇచ్చారు, భోజనం చేసి వెళ్ళమన్నారు. తాతగారి ఫోటో, ఆయనకి వచ్చిన సన్మానపత్రం తీసి చూపించారు. నాయనమ్మ గురించి అడిగితే, "అవునండీ, రాసేవారని విన్నాం. ట్రంకుపెట్టె నిండా ఉండేవట. ఇల్లు మారినప్పుడు పోయాయి" అనేవారు.

ఈ వాక్యం నా నోటుపుస్తకాల్లో ఇరవైకి పైగా చోట్ల ఉంది. మాటలు కూడా పెద్దగా మారవు. బ్రాహ్మణ ఇళ్ళలో అదే, కమ్మ, రెడ్డి ఇళ్ళలో అదే, సర్కారు జిల్లాల్లో అదే, తెలంగాణలో అదే. థీసిస్‌లో దీన్ని 'మూలపదార్థాల అలభ్యత' అని ఒక ఉపశీర్షిక కింద పడేసి ముందుకి పోయాను. పరీక్షకులు మెచ్చుకున్నారు. ఇప్పుడు చదువుతుంటే సిగ్గేస్తోంది. అలభ్యత ఎవరో చేస్తేనే అవుతుంది కదా.

భాష చదువుకున్నదాన్ని కనుక ఆ క్రియ దగ్గరే ఆగిపోతాను. 'పోవు' అకర్మకం. దానికి కర్త మనిషి కాదు, కాగితాలే. అవే లేచి నడిచి వెళ్ళిపోయాయన్నట్టు. 'పారేశాం' అంటే కర్త కావాలి. ఎవరు పారేశారు, ఎందుకు పారేశారు, ఎవరు పారేయమన్నారు అని అడగొచ్చు. 'పోయాయి' అంటే అడగడానికి ఏమీ ఉండదు. వర్షాలు వచ్చి పంట పోయినట్టు, కరెంటు పోయినట్టు. మన రచయిత్రుల చరిత్రలో సగం ఈ అకర్మక క్రియలోనే కూరుకుపోయింది.

మనం, స్త్రీవాదులం, అణచివేత గురించి రాయడం బాగా నేర్చుకున్నాం. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించారు. 1911లో ప్రభుత్వం దాన్ని అశ్లీలమని పట్టుకుంది. ఆ కథ మనకి తెలుసు, మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. ఎందుకు తెలుసు? నిషేధించిన ప్రభుత్వానికి ఫైలు ఉంటుంది. తిట్టిన పండితుడికి వ్యాసం ఉంటుంది. శత్రువు కూడా సాక్ష్యం వదులుతాడు. ఇల్లు మారడానికి ఫైలు లేదు. దానికి శత్రువూ లేడు. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తిట్టలేదు, అసలు ఎవరూ చదవలేదు. లారీలో చోటు లేదన్నారు, అంతే. నాగరత్నమ్మ గారి మీద నేను పదిహేను పేజీలు రాశాను. లారీ మీద ఒక్క పేరా కూడా రాయలేదు.

భండారు అచ్చమాంబ సంగతే చూడండి. 1874లో పుట్టి 1905లోనే పోయారు. భర్త ఉద్యోగం కారణంగా తెలుగునేలకి దూరంగా మధ్యపరగణాల్లో బతికారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. 1902లో 'హిందూసుందరి'లో 'ధనత్రయోదశి' కథ అచ్చయింది. అచ్చయింది కనుక ఆ కథ మిగిలింది. అయినా 1910 నాటి 'దిద్దుబాటు'నే తొలి కథగా దశాబ్దాలపాటు బడిలో చెప్పారు. పత్రికలో అచ్చయినదాని గతే ఇది. నోటుపుస్తకంలో ఉండిపోయినదాని గతి ఏమై ఉంటుంది? గురజాడ డైరీలు, ఉత్తరాలు అచ్చుపుస్తకాలుగా వచ్చాయి. రావాలి కూడా, నేను వాటిని ఎన్నిసార్లు తిరగేశానో. నేను అడిగేది ఒక్కటే. మహాకవి డైరీలో అతిథులు, జబ్బులు, ఖర్చులు సాహిత్య చరిత్రకి ఆధారం ఎలా అయ్యాయి, ఒక ఇల్లాలి పద్దుపుస్తకంలో అవే విషయాలు తూకానికి ఎలా పోయాయి?

"ఆ నోటుపుస్తకాల్లో గొప్ప సాహిత్యం ఉందని ఏమిటి నమ్మకం?" అని ఒక సెమినార్‌లో అడిగారు. నమ్మకం లేదు. చదివి చూస్తేగానీ తెలియదు, చదవడానికి లేవు. ఉండుంటే కొన్ని చెత్తగా కూడా ఉండేవేమో. మగవాళ్ళ సమగ్ర సంపుటాల్లో చెత్తకి కొదవుందా? వాళ్ళ చెత్త బైండు కట్టి అరల్లో ఉంది కనుక దాని మీద ఎం.ఫిల్.లు కూడా వచ్చాయి.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది. హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901. వేటపాలెం సారస్వత నికేతనం 1918. ఇవి లేకపోతే నా థీసిస్ లేదు, ఆ రుణం తీరేది కాదు. కానీ కాగితాలు నిలవాలంటే కదలని కప్పు ఒకటి కావాలని ఆ భవనాలు చూస్తే అర్థమవుతుంది. ఆడవాళ్ళకి దొరికిన గ్రంథాలయం అటక. ఆ అటక ఉన్న ఇల్లు ఎప్పుడూ వాళ్ళది కాదు. తండ్రిది, మొగుడిది, కొడుకుది, లేదా అద్దెది.

అద్దె ఇల్లు ఖాళీ చేయడం గురించే ఇప్పటిదాకా మాట్లాడాను గానీ ఆడమనిషి మొదటిసారి ఇల్లు మారేది పెళ్ళిరోజున. 2020-21 జాతీయ నమూనా సర్వేలో, మన దేశంలో వలస వెళ్ళిన స్త్రీలలో దాదాపు 87 శాతం పెళ్ళి కారణంగానే వెళ్ళినట్టు తేలింది. అంటే ఈ దేశంలో ఇల్లు మారడంలో ఎక్కువ అనుభవం ఎవరికుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ మొదటి మార్పుకి ప్యాకింగ్ జాబితా కూడా వేరేవాళ్ళే వేస్తారు. మంచం, బీరువా, గిన్నెలు, చీరలు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో తన పేరు మరిచిపోయిన ఇల్లాలు బీరువా అంతా వెతుకుతుంది, సర్టిఫికెట్లు దొరకవు. పెళ్ళయ్యాక వాటిని తెచ్చుకోనేలేదని గుర్తొస్తుంది. క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా నేను పేరు మరవడం గురించే మాట్లాడేదాన్ని. సర్టిఫికెట్లు పుట్టింట్లో ఉండిపోవడం నాకు పట్టలేదు. చట్టం కూడా దీనికి తగ్గట్టే ఉండేది. హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉండేది. తండ్రి ఇంటిలో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు పంచుకుందామనేదాకా ఆమె పంపకం అడగడానికి లేదు. ఉండే హక్కు కూడా పెళ్ళి కానివారికి, వితంతువులకి, భర్త వదిలేసినవారికీ, విడిపోయి వచ్చినవారికే. కాపురం చేసుకునే కూతురికి లేదు. 2005లో ఆ సెక్షన్ తీసేశారు. అప్పటిదాకా పుట్టింటి అటక మీద తన ట్రంకుపెట్టె ఉంచుకోవడం కూడా అన్నదమ్ముల దయే.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ముగిద్దామనుకున్నాను.

బోడుప్పల్ ఇంట్లో పాలు పొంగించే వేళకి మా మేనత్త వచ్చింది. బాపు పోయి నాలుగేళ్ళయింది. "వదినె, నువ్వు జర గీడ కూసో" అని అమ్మని వంటింటి గడప బయట కుర్చీ చూపించింది. అమ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. చెప్పించుకునేదాకా ఉండే మనిషి కాదు. నాకు ఒళ్ళు మండింది. "పదకొండిండ్లు సర్దిన చెయ్యి. పాలు పొంగియ్యనీకె పనికిరాదా?" అన్నాను. నా నోరు మూయించింది అమ్మే. "శుభమా అని పాలు పొంగిస్తుంటే లొల్లెందుకే. కానియ్యి." అని లేచి పడకగదిలోకి పోయింది. నేను పాలు పొంగించాను. ఎలా పొంగించానో నాకే తెలియదు.

తర్వాత వెళ్ళి చూస్తే అమ్మ ఆ 'వేస్ట్' పెట్టె ముందు కింద కూర్చుని, నా కాగితాలు ఒక్కొక్కటే తీసి చదువుతోంది. ఏలూరులో ఒక ముసలావిడ వాళ్ళత్తగారి గురించి చెప్పిన పేజీ ఆమె చేతిలో ఉంది.

"ఇందరి ఇండ్లకు వొయి అడిగినవు. నన్నయితే అడగకపోతివి" అంది.

"నిన్నేమడగాలె?"

"నేను గూడ రాస్తుంటి."

నాలుగు కథలట. పెళ్ళికి ముందు రెండు, తర్వాత రెండు. ఒకటి వారపత్రికలో అచ్చయింది, పుట్టింటి ఇంటిపేరుతో. ఎంతమంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారో చెప్పింది: ముగ్గురు. మిగిలినవీ, ఇంకా చాలా రాతలూ రెండు నోటుపుస్తకాల్లో ఉండేవి. నేను ఆ ప్రశ్న అడగకూడదనే అనుకున్నాను. అయినా నోరు ఊరుకోలేదు.

"యాడున్నయే?"

"యాడుంటయ్. మిర్యాలగూడకెళ్ళి వనపర్తికి ఇల్లు మారినప్పుడు పోయినయి."

ఇరవైకి పైగా ఇళ్ళలో ఆ వాక్యం రాసుకున్నాను. మా ఇంట్లో మాత్రం అడగలేదు. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో అమ్మ పేరుంది. పాపని చూసుకున్నందుకు, వేళకి వండిపెట్టినందుకు. అచ్చమాంబ నుంచి ఇప్పటిదాకా స్త్రీల అదృశ్యీకరణ మీద మూడు వందల పేజీలు రాసినదాన్ని, నా తల్లిని 'మేడం కిచెన్' పెట్టెలోనే సర్దాను. ఆ ఒడిశా కుర్రాడికి నేనేం చెప్పగలను?

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వెతికి కూర్చోబెట్టి చెప్పించుకున్నారు. పోరాటంలో డెన్‌లు నడిపిన ఆడవాళ్ళ సంగతి మనకి అలాగే తెలిసింది. వండిపెట్టి, సంసారమున్నట్టు నటించి, రాత్రికి రాత్రి ఇల్లు మార్చేసిన వాళ్ళు. ఆ పని పోరాటంలో భాగమని ఎవరో వెళ్ళి అడిగితేనే బయటికొచ్చింది. 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంపుటాలు 1991లో, 1993లో వచ్చినప్పుడూ వెతికినవాళ్ళుండబట్టే దొరికాయి. వాళ్ళ వారసులమని చెప్పుకునే నా తరం, విశ్వవిద్యాలయాల్లో, సెమినార్లలో, దొరికినదాన్ని సిద్ధాంతీకరించడంలో పడిపోయింది. వెతకడానికి బస్సెక్కాలి. కొన్నిసార్లు బస్సు కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నోటుపుస్తకాల గొడవ అక్షరం వచ్చిన ఇళ్ళ గొడవ. 2024 అక్టోబరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గరి ఇళ్ళు కొన్ని కూల్చి, అక్కడివాళ్ళని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి తరలించారు. వాళ్ళలో ఒకామె మలక్‌పేటలో నా స్నేహితురాలింట్లో పనిచేసేది. ఆమెకి పదిహేను రోజుల సర్దుడు లేదు, ప్యాకర్లు లేరు. ఒక ట్రాలీ ఆటో. ఆమె చేత్తో పట్టుకెళ్ళిన ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డులు, కరెంటు బిల్లు, కూతురి పదో తరగతి మెమో ఉన్నాయి. మెమో అన్నిటికన్నా పైన పెట్టిందట. ఇల్లు మార్చిన పేరుతో ఆమె చేసే నాలుగిళ్ళ పని పోయింది, పాత గల్లీలో చిట్టీ పోయింది. ఆ నష్టం నా పెట్టెతో పోల్చేది కాదు. అయినా ముఖ్యమైన కాగితం ఏదో ఆమెకి తెలిసినంత స్పష్టంగా, ఇరవై ఏళ్ళు చదువుకున్న నాకు తెలియలేదు.

ఈమధ్య ఇంకో వరస వచ్చింది. అవసరం లేనివి వదిలించుకోండి, చేత్తో పట్టుకుంటే ఆనందం కలగని వస్తువుని సాగనంపండి అని. జపాన్ నుంచి మేరీ కోండో పుస్తకం వచ్చాక మన ఆడవాళ్ళ కబుర్లలోకి కూడా అది ఎక్కింది. ఇల్లు తేలికవుతుంది, నిజమే. కానీ ఎవరి వస్తువులు ముందు తేలికవుతాయో గమనించండి. అలవాటు కొద్దీ మనం మనవే తీస్తాం. భర్త పాత క్రికెట్ బ్యాటు జ్ఞాపకం, మన డైరీ అడ్డం. అమ్మ నోటుపుస్తకాలు కూడా బాపు పారేయలేదు. చోటు చాలదంటే ఏం తీసేయాలో ఎంచుకున్నది అమ్మే. "మరి ఏం తియ్యాలె? మీ బట్టలు తియ్యన్నా?" అంది. పితృస్వామ్యం మన చేతులతోనే సర్దిస్తుందని చెప్పడానికి నాకు ఇంతకన్నా సిద్ధాంతం అక్కర్లేదు.

ఒకసారి ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్ళి, ఒక కుటుంబం దగ్గర మిగిలిన రచయిత్రి ఉత్తరాలు తీసుకుంటారా అని అడిగాను. "ప్రముఖులవైతేనే" అన్నారు. ప్రముఖులు ఎలా అవుతారో వాళ్ళు చెప్పలేదు. కాబట్టి ముందు మన చేతుల్లో ఉన్నది చేద్దాం. ఈ పత్రిక చదివేవాళ్ళలో సగంమంది ఈ ఏడో వచ్చే ఏడో ఇల్లు మారతారు. ప్యాకర్లు రాకముందే మార్కర్ మీరు పట్టుకోండి, మీ పెట్టెల మీద మీ పేరు రాయండి. మీ రాతప్రతులు చేతిసంచిలో, ఇంటి దస్తావేజుల పక్కన పెట్టండి. చోటు చాలకపోతే బాండ్లు లారీలో పంపండి, వాటికి నకళ్ళు దొరుకుతాయి. తెలుగు శాఖల్లో పాఠాలు చెప్పేవాళ్ళు ఎం.ఎ. పిల్లలకి ఒక పని అప్పజెప్పండి. మీ అమ్మని, నాయనమ్మని, పక్కింటి పెద్దావిడని, రాశారా, పాడారా, ఏ ఇల్లు మారినప్పుడు ఏం వదిలేశారు అని అడిగి రాసుకురమ్మనండి. పాత పేపర్లవాడిని పిలిచేముందు ఆ గోనెసంచి ఒక్కసారి నేలమీద కుమ్మరించండి.

నేను ఇప్పుడు వారానికి రెండు పూటలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూర్చుని పాత వారపత్రికలు తిరగేస్తున్నాను. అమ్మకి కథ పేరు గుర్తుంది, ఏడు సరిగ్గా గుర్తులేదు. సంక్రాంతి ముందర అంటుంది, 1983 కావచ్చు, 84 కావచ్చు. ఇంకా దొరకలేదు. నోటుపుస్తకాల్లోని కథల్లో ఒకటి ఆమెకి చాలావరకు నోటికొచ్చు. రాత్రిళ్ళు చెబుతుంది, నేను రాసుకుంటున్నాను. మధ్యలో ఆగి, "గీడ ఇంకేదో ఉంటుండె" అంటుంది. నేను అక్కడ ఖాళీ వదిలేస్తున్నాను.

మొన్న రాత్రి వనపర్తి లారీ గురించి మళ్ళీ అడిగాను. అప్పుడు నాకు అయిదేళ్ళు. ముందు సీట్లో బాపు ఒళ్ళో కూర్చుని పోయిన సంబరం తప్ప ఇంకేం గుర్తులేదు. రెండు నోటుపుస్తకాలకి చోటు లేనంతగా ఆ లారీలో ఏమేం ఎక్కించారే అన్నాను. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. బీరువా, రెండు మంచాలు, బాపు స్కూటర్, ఫైళ్ళ ట్రంకు, బియ్యం బస్తాలు రెండు, కుట్టుమిషను, నా మూడు చక్రాల సైకిలు, పక్కింటివాళ్ళు ఇచ్చిన క్యారమ్ బోర్డు. ఇంకా ఏదో ఉందని కాసేపు ఆలోచించింది.

"ఆఁ, రుబ్బురోలు" అంది. "ఇద్దరు మనుషులు వట్టి ఎక్కిచ్చిన్రు."